స్లైడ్‌లో గ్రే మ్యాటర్ తెల్లగా, వైట్ మ్యాటర్ నల్లగా కనిపిస్తోంది. ఎందుకు?

బీపీటీ_ఫస్టియర్ (సైదాబాద్):

అందరికీ నమస్తే. మాది ఫిజియోథెరపీ (బీపీటీ), వచ్చే నెల అనాటమీ ప్రాక్టికల్స్ ఉన్నాయి. హాస్టల్‌లో నలుగురు అమ్మాయిలం కలిసి నాడీ వ్యవస్థ చదువుతున్నాం. నాలుగు చోట్ల ఆగిపోయాం.

ముందు స్లైడ్ సంగతి. వెన్నుపాము అడ్డుకోత అని లేబుల్ ఉంది. నడుమ సీతాకోకచిలుక ఆకారం లేతగా, దాదాపు తెల్లగా ఉంది. చుట్టూ అంతా నలుపు. పుస్తకంలోనేమో నడుమ ఉన్నది గ్రే మ్యాటర్, చుట్టూ ఉన్నది వైట్ మ్యాటర్ అని ఉంది. స్లైడ్ తప్పా, మేం తప్పా? పక్కనున్న ఇంకో స్లైడ్ అంతా గులాబి, ఊదా. అందులో అసలు తేడానే తెలియట్లేదు.

రెండోది, బొమ్మల్లో ఆస్ట్రోసైట్ నక్షత్రంలా చేతులు చాపుకుని ఉంటుంది. మైక్రోస్కోప్‌లో ఎంత వెతికినా చుక్కలే కనిపిస్తున్నాయి.

మూడోది, న్యూక్లియస్, గాంగ్లియన్, ట్రాక్ట్, నర్వ్. నాలుగూ కలిసిపోతున్నాయి. మెదడులో గ్రే మ్యాటర్ పైన ఉండి వెన్నుపాములో లోపల ఎందుకుందో కూడా అర్థం కాలేదు.

చివరిది, కోసి చూద్దామని మటన్ షాపు నుంచి రెండుసార్లు భేజా తెచ్చాం. రెండుసార్లూ చేతిలోనే ముద్దయిపోయింది. ఒకసారి ఫ్రీజర్‌లో పెట్టి గట్టిపడ్డాక కోద్దామనుకున్నాం, కరిగాక ఇంకా పాడైంది. తెలిసిన అన్నలు, అక్కలు చెప్పండి.

స్లైడ్‌పెట్టె:

చెల్లె, స్లైడ్ కరెక్టే, పుస్తకమూ కరెక్టే. గ్రే, వైట్ అనే పేర్లు తాజా మెదడును కోసి ఉత్త కళ్లతో చూసినవాళ్లు పెట్టినవి. ఆక్సాన్లకు (న్యూరాన్ నుంచి కబురు మోసుకెళ్లే పొడుగు తంతువులకు) చుట్టుకున్న మయిలిన్‌లో ఎక్కువ భాగం కొవ్వే. అందుకే ఆక్సాన్లు కట్టలుగా ఉన్నచోటు తెల్లగా కనిపిస్తుంది. కణదేహాలు, డెండ్రైట్లు (కబురు అందుకునే కొమ్మలు), సన్న రక్తనాళాలు ఉన్నచోటు బూడిద రంగులో, తాజాగా ఉంటే కాస్త గులాబిగా ఉంటుంది.

మీ నల్ల స్లైడ్‌కి వేసింది వైగర్ట్ రంగు. అది మయిలిన్‌ని పట్టుకుని నల్లగా చేస్తుంది. కాబట్టి వైట్ మ్యాటర్ నల్లబడింది, మయిలిన్ తక్కువున్న గ్రే మ్యాటర్ లేతగా మిగిలింది. పరీక్షలో స్లైడ్ కనిపించగానే ఇది ఏ రంగు, ఆ రంగు దేన్ని పట్టుకుంటుంది అని మొదట అడగండి. భాగం పేరు ఆ తర్వాత చెప్పొచ్చు. గులాబి, ఊదా కలిసి ఉంటే హెమటాక్సిలిన్-ఇయోసిన్. లేత నేల మీద ఊదా మచ్చలు మాత్రమే ఉంటే నిసిల్ రంగు, అంటే కణదేహాలు చూడ్డానికి వేసింది. వైట్ మ్యాటర్ నీలంగా ఉంటే లక్సోల్ ఫాస్ట్ బ్లూ, అదీ మయిలిన్‌కే. పసుపు నేల మీద అక్కడక్కడ ఒక్కో కణం కొమ్మలతో సహా నల్లగా ఉంటే గోల్జీ.

మీ గులాబి స్లైడ్‌లో తేడా ఎందుకు తెలియట్లేదంటే, మైనంలో పొదగడానికి ముందు ముక్కను ఆల్కహాల్‌లో, జైలీన్‌లో ముంచుతారు. అక్కడ మయిలిన్ కొవ్వు కరిగిపోతుంది. మిగిలేది ఖాళీ గుండ్రం, దాని నడుమ గులాబి చుక్క. ఆ చుక్క ఆక్సాన్, ఖాళీ అంతా ఒకప్పుడు మయిలిన్. 40ఎక్స్ లెన్స్‌లో వైట్ మ్యాటర్ మీద ఆగి ఒక్క గుండ్రాన్ని నిదానంగా చూడండి. ఒకసారి కన్నుకి పట్టిందంటే ఇక మర్చిపోరు.

వెన్నుపాము స్లైడ్ అయితే మొదట 4ఎక్స్‌లోనే ముందు వెనక తేల్చుకోవాలి. లోతుగా, వెడల్పుగా, లోపల రక్తనాళంతో ఉన్న చీలిక ముందు వైపు. వెనక వైపుది సన్న గాడి. సీతాకోకచిలుక రెక్కల మొనల్ని కొమ్ములంటారు. ముందు కొమ్ము పొట్టిగా, లావుగా ఉంటుంది, అంచుదాకా రాదు. వెనక కొమ్ము సన్నగా దాదాపు అంచు దగ్గరికి వెళ్తుంది. తర్వాత ఏ స్థాయి అన్నది. మెడ భాగం పెద్దది, అడ్డంగా కోడిగుడ్డులా ఉంటుంది, వైట్ మ్యాటర్ చాలా ఎక్కువ. ఛాతీ భాగం చిన్నది, కొమ్ములు సన్నం, పక్కకి చిన్న మొనలా లాటరల్ కొమ్ము కనిపిస్తుంది. నడుము భాగం గుండ్రం, రెండు కొమ్ములూ లావు. త్రికం (నడుము కింద, తుంటి ఎముకల నడుమ ఉండే భాగం) దగ్గర అంతా గ్రే మ్యాటరే, చుట్టూ పలచటి తెల్ల అంచు. కారణం తెలిస్తే బట్టీ అక్కర్లేదు: మెదడుకి పోయే తంతువులు కింద నుంచి పైకి వస్తూ ఒక్కో స్థాయిలో చేరుతుంటాయి, మెదడు నుంచి దిగేవి ఒక్కో స్థాయిలో దిగిపోతుంటాయి. అందుకని పైన వైట్ మ్యాటర్ ఎక్కువ, కింద తక్కువ. చేతులకి, కాళ్లకి కండరాలెక్కువ కాబట్టి ఆ రెండు చోట్ల ముందు కొమ్ము ఉబ్బుతుంది.

ముందు కొమ్ములో పెద్ద పెద్ద కణాలు కనిపిస్తాయి కదా, అవి మోటార్ న్యూరాన్లు. కేంద్రకం పెద్దది, లేతది. దాని నడుమ కేంద్రకాంశం నల్లటి కనుపాపలా ఒక్కటే ఉంటుంది. చుట్టూ ఊదా గుళికలు నిసిల్ పదార్థం, అంటే ప్రోటీన్ తయారుచేసే గరుకు అంతర్జీవద్రవ్యజాలం. ఆక్సాన్ బయల్దేరే గుట్ట దగ్గర ఈ గుళికలు ఉండవు. ఏ కొమ్మ ఆక్సాన్, ఏది డెండ్రైట్ అని చెప్పడానికి ఆ స్లైడ్‌లో ఇదొక్కటే ఆధారం. కణం చుట్టూ తెల్లటి ఖాళీ కనిపిస్తే అది తయారీలో కణం ముడుచుకుపోవడం వల్ల వచ్చింది. బొమ్మ గీసేటప్పుడు దాన్ని ఒక భాగంగా చూపించకండి.

ఇక మీ చుక్కలు. హెమటాక్సిలిన్-ఇయోసిన్‌లో గ్లియా (న్యూరాన్లకి తోడుగా ఉండే కణాలు, ఆస్ట్రోసైట్ అందులో ఒకటి) చేతులు కనిపించవు, కేంద్రకాలే కనిపిస్తాయి. కాబట్టి కేంద్రకాల్ని పోల్చడమే పని. లేతగా, కాస్త పెద్దగా, అండాకారంలో ఉంటే ఆస్ట్రోసైట్. చిన్నగా, గుండ్రంగా, ముదురుగా ఉండి చుట్టూ తెల్లటి వలయం ఉంటే ఆలిగోడెండ్రోసైట్. ఆ వలయం కూడా తయారీలో వచ్చిందే, కానీ గుర్తుపట్టడానికి పనికొస్తుంది. సన్నగా, పొడుగ్గా, ఒక్కోసారి కామాలా వంగి ఉంటే మైక్రోగ్లియా. నడుమ కాలువ అంచున వరసగా నిలబడ్డవి ఎపెండైమల్ కణాలు.

పుస్తకంలోని నక్షత్రాలు వెండి, బంగారు లవణాలతో రంగు వేసి చూసినవి. ఇటలీ శాస్త్రవేత్త గోల్జీ తన వెండి పద్ధతిని 1873లో ప్రకటించాడు. దాంతోనే స్పెయిన్ శాస్త్రవేత్త కహాల్ న్యూరాన్లు విడివిడి కణాలని చూపించాడు. గోల్జీ మాత్రం అదంతా ఒకే వల అనే నమ్మాడు. 1906లో నోబెల్ ఇద్దరికీ కలిపి ఇచ్చారు. మైక్రోగ్లియాని, ఆలిగోడెండ్రోసైట్‌ని వేరు చేసి చూపించింది కహాల్ శిష్యుడు రియో ఒర్తేగా, 1919-21 మధ్య. మీ స్లైడ్‌లో చేతులు కనిపించకపోవడం మీ కంటి లోపం కాదు.

వెన్నుపూస:

పేర్ల తికమక నేను చెప్తాను. రెండే ప్రశ్నలు. అది కణదేహాల గుంపా, ఆక్సాన్ల కట్టా? మెదడు, వెన్నుపాము లోపలా, బయటా? కణదేహాల గుంపు లోపల ఉంటే న్యూక్లియస్, బయట ఉంటే గాంగ్లియన్. ఆక్సాన్ల కట్ట లోపల ఉంటే ట్రాక్ట్, బయట ఉంటే నర్వ్. మయిలిన్ చుట్టేది లోపల ఆలిగోడెండ్రోసైట్, బయట ష్వాన్ కణం. ఒక ఆలిగోడెండ్రోసైట్ పదుల సంఖ్యలో ఆక్సాన్లకు తలా ఒక ముక్క చుడుతుంది. ష్వాన్ కణం ఒక ఆక్సాన్ మీద ఒకే ముక్క చుడుతుంది, పెద్ద తంతువుల్లో ఒక మిల్లీమీటర్ దాకా. రెండు ముక్కల నడుమ మిగిలిన సందు రాన్వియర్ కణుపు.

ఈ లెక్కకి లొంగనివి రెండున్నాయి, వైవాలో అడిగేదీ వాటినే. బేసల్ గాంగ్లియా మెదడు లోపలే ఉన్నాయి కాబట్టి నిజానికి న్యూక్లియస్‌లు, పాత పేరు అలా నిలిచిపోయింది. కంటి నుంచి వచ్చే ఆప్టిక్ నర్వ్ పేరుకి నర్వ్, కానీ అది మెదడులోంచే పెరిగిన ట్రాక్ట్. దానికి మయిలిన్ ఆలిగోడెండ్రోసైట్‌దే, చుట్టూ మెదడుకి ఉన్నట్టే వరాశిక (డ్యూరా), లౌతికళ (అరాక్నాయిడ్), మృద్వి (పయా) మూడు పొరలూ ఉంటాయి. మల్టిపుల్ స్క్లెరోసిస్ దెబ్బతీసేది ఆలిగోడెండ్రోసైట్ మయిలిన్‌ని కాబట్టి ఆ జబ్బులో కంటిచూపు దెబ్బతినొచ్చు. గిల్లన్-బారే సిండ్రోమ్‌లో ష్వాన్ కణాల వైపు దెబ్బ తగులుతుంది. అందుకే కాళ్లు చచ్చుబడి, మోకాలి రిఫ్లెక్స్ పోతుంది.

ఒకే ఒక్క కణాన్ని పట్టుకుని కాలివేలి నుంచి తలదాకా నడిస్తే ఇదంతా అతుక్కుంటుంది. 128 హెర్ట్జ్ ట్యూనింగ్ ఫోర్క్‌ని కాలి బొటనవేలి ఎముక మీద పెట్టారనుకోండి. ఆ కంపనాన్ని మోసే న్యూరాన్ కణదేహం బొటనవేలి దగ్గర లేదు, వెన్నుపాములోనూ లేదు. నడుము కింద ఐదో నడుము వెన్నుపూస పక్క రంధ్రంలో ఉన్న డోర్సల్ రూట్ గాంగ్లియన్‌లో ఉంది. గుండ్రటి కణం, చుట్టూ ఉపగ్రహ కణాలు దండలా ఉంటాయి. దాని నుంచి ఒకే కాడ బయల్దేరి రెండుగా చీలుతుంది. ఒక కొమ్మ సయాటిక్ నర్వ్‌లో కాలి వేలిదాకా, రెండోది వెన్నుపాము వెనక భాగంలో ఎక్కడా ఆగకుండా మజ్జాముఖం (మెడుల్లా, మెదడు కాండం అడుగు భాగం)లోని గ్రాసిలిస్ న్యూక్లియస్ దాకా. మొత్తం దాదాపు ఒకటిన్నర మీటరు, ఒకే కణం! గాంగ్లియన్‌లో సినాప్స్ (ఒక న్యూరాన్ ఇంకోదానికి కబురు అందించే చోటు) ఉండదు, మొదటి సినాప్స్ మజ్జాముఖంలోనే. అదే ఆక్సాన్‌కి వెన్నుపాములో అడుగుపెట్టేదాకా ష్వాన్ కణం మయిలిన్ చుడితే, అడుగుపెట్టాక ఆలిగోడెండ్రోసైట్ చుడుతుంది.

వేగం సంగతి కూడా ఇక్కడే. గడపకి వేలు తగిలితే ముందు చురుక్కుమంటుంది, క్షణం ఆగి మంటగా సలుపు మొదలవుతుంది. చురుక్కు సన్న మయిలిన్ ఉన్న ఎ-డెల్టా తంతువులది, సెకనుకి 5 నుంచి 30 మీటర్లు. సలుపు మయిలిన్ లేని సి తంతువులది, సెకనుకి 0.5 నుంచి 2 మీటర్లు. మీటరు దూరం రావడానికి దానికి అర సెకను నుంచి రెండు సెకన్లు పడుతుంది. తగిలింది ఒకే దెబ్బ, కబురు రెండు దారుల్లో వచ్చింది. (నొప్పి మోసే ఈ కణాలు మాత్రం వెన్నుపాము వెనక కొమ్ములోనే సినాప్స్ అవుతాయి, మజ్జాముఖం దాకా వెళ్లవు.)

ఫిజియో వాళ్లు కాబట్టి మాట గురించి ఒక జాగ్రత్త. మన జనం "నరం" అనే ఒక్క మాటతో మూడు నాలుగు వస్తువుల్ని పిలుస్తారు. "సూదికి నరం దొరకట్లేదు" అంటే సిర. "పిక్కలో నరం పట్టేసింది" అంటే కండరం బిగుసుకోవడం. మణికట్టు దగ్గర "నరాలు తేలాయి" అంటే సిరలో, కండర బంధనాలో. "నడుం నుంచి కాలిదాకా నరం లాగుతోంది" అన్నప్పుడు మాత్రం నిజంగా నర్వ్ రూట్ కావచ్చు. రోగి నరం అనగానే మీరూ నర్వ్ అని రాసుకోకండి. ఎక్కడ, ఏ దారిన, తిమ్మిరా నొప్పా, దగ్గితే పెరుగుతుందా అని అడగండి. అసలు నర్వ్ అంటే చాలా ఆక్సాన్ల కట్ట. ఒక్కో ఆక్సాన్ చుట్టూ ఎండోన్యూరియం, చిన్న కట్ట చుట్టూ పెరిన్యూరియం, మొత్తానికి ఎపిన్యూరియం ఉంటాయి, లోపల సొంత రక్తనాళాలు ఉంటాయి. పిరుదు దగ్గర సయాటిక్ నర్వ్ రెండు సెంటీమీటర్ల వెడల్పు ఉంటుంది. సూక్ష్మంగా ఉంటుందనుకునేవాళ్లు దాన్ని మొదటిసారి చూసి కండర బంధనం అనుకుంటారు.

వెన్నుపాము నర్వ్‌లు 31 జతలు: మెడ 8, ఛాతీ 12, నడుము 5, త్రికం 5, అనుత్రికం (తోక ఎముక) 1. మెడలో వెన్నుపూసలు ఏడే, నర్వ్‌లు ఎనిమిది ఎందుకంటే మొదటి ఏడూ తమ వెన్నుపూస పైనుంచి బయటికి వస్తాయి. ఎనిమిదోది ఏడో మెడ పూసకీ మొదటి ఛాతీ పూసకీ నడుమ వస్తుంది. అక్కడి నుంచి అన్నీ తమ పూస కిందనుంచి. అయినా ఎల్-4, ఎల్-5 (నాలుగు, ఐదో నడుము పూసలు) నడుమ డిస్క్ పక్కవాటుగా వెనక్కి జారితే సాధారణంగా నలిగేది ఎల్-5 రూటే. ఎల్-4 అప్పటికే డిస్క్‌కి పైనుంచే బయటపడి ఉంటుంది. పెద్దవాళ్లలో వెన్నుపాము ఎల్-1, ఎల్-2 దగ్గర ఆగిపోతుంది, కింద రూట్ల కుచ్చు మాత్రమే. అందుకే మస్తిష్కమేరు ద్రవం (మెదడు, వెన్నుపాము చుట్టూ ఉండే నీరు) తీయడానికి సూది ఎల్-3, ఎల్-4 నడుమో ఎల్-4, ఎల్-5 నడుమో పెడతారు. రెండు తుంటి ఎముకల పై అంచుల్ని కలుపుతూ గీత గీస్తే ఎల్-4 తగులుతుంది, మీ వీపుల మీదే వెతుక్కుని చూడండి.

బీపీటీ_ఫస్టియర్:

ఇద్దరికీ చాలా థాంక్స్. ఇవాళ పొద్దున 40ఎక్స్‌లో ఖాళీ గుండ్రం, నడుమ చుక్క కనిపించాయి! భేజా సంగతి, గ్రే మ్యాటర్ పైనా లోపలా ఎందుకన్నదీ ఇంకా మిగిలాయి.

డిసెక్షన్_టేబుల్:

భేజా నేను చెప్తా. తాజా మెదడు సగం గట్టిపడ్డ పెరుగులా ఉంటుంది, దాన్ని అలాగే ఎవరూ కోయలేరు. ఫ్రీజర్ ఇంకా చెడ్డది. కణాల్లో నీళ్లు మంచు ముక్కలై పొరల్ని చీల్చేస్తాయి, కరిగాక ముద్దే మిగులుతుంది.

కొనేటప్పుడే సగం పని. ఆదివారం వెళ్లకండి, రద్దీలో మీ మాట వినే ఓపిక ఎవరికీ ఉండదు. మామూలు రోజు పొద్దున్నే వెళ్లి, కాల్చని తలకాయ కావాలని, నడిమికి చీల్చకుండా పుర్రె పైచిప్ప చుట్టూ కొట్టి తీయమని చెప్పండి. విడిగా అమ్మే భేజాకి వరాశిక, పిట్యూటరీ పుర్రెలోనే ఉండిపోతాయి, కింది కాండం (మెదడుని వెన్నుపాముతో కలిపే భాగం) చాలాసార్లు తెగిపోతుంది. మన ఎండలకి గంటల్లోనే మెత్తబడుతుంది కాబట్టి ఐస్ పక్కన పెట్టి, దానికి తగలకుండా, నేరుగా కాలేజీకి తీసుకెళ్లండి.

కాలేజీకి అని ఎందుకంటున్నానంటే, తర్వాతి పని మెదడుని గట్టిపరిచే ఫార్మలిన్‌తో. అది క్యాన్సర్ కలిగించే పదార్థం, హాస్టల్ గదిలో వద్దే వద్దు. గాలి ఆడే ల్యాబ్‌లో, గ్లవ్స్ వేసుకుని, టెక్నీషియన్ ఉండగానే చేయండి. సీసాలో దొరికే గాఢ ద్రావణం ఒక వంతు, నీళ్లు తొమ్మిది వంతులు. మేక మెదడు వంద గ్రాములు అటూ ఇటూ ఉంటుంది, దానికి పది రెట్లకి తక్కువ కాకుండా లీటరు నుంచి లీటరున్నర ద్రావణం కావాలి. అడుక్కి వేస్తే తన బరువుకే చపాతీలా అణిగిపోతుంది. కాండం ముందున్న బేసిలార్ ధమని కింద దారం దూర్చి, డబ్బా మూతికి కట్టి తలకిందులుగా వేలాడదీయాలి. ధమని తెగిపోయి ఉంటే అడుగున మందంగా దూది పరవండి. ఒక రోజుకి ద్రావణం ఎర్రగా మారుతుంది, పారబోయకుండా ల్యాబ్ వ్యర్థాల డబ్బాలో పోసి కొత్తది నింపండి. పది నుంచి పద్నాలుగు రోజులు ఆగాలి. తొందరపడి నాలుగో రోజు కోస్తే పైన రబ్బరులా, నడుమ గులాబి గుజ్జులా ఉంటుంది, ఎందుకంటే ఫార్మలిన్ లోపలికి ఇంకడం చాలా నిదానం. కోసే ముందు రాత్రంతా పారే నీళ్లలో కడగాలి.

పైపొర సంగతి మీ ఇంట్లో వంట చేసేవాళ్లకి బాగా తెలుసు. భేజా వండే ముందు నీళ్లలో వేసి, ఎర్రటి సన్న దారాలున్న పలచటి పొరని గోటితో లాగి తీసేస్తారు కదా. ఆ దారాలు రక్తనాళాలు, ఆ పొర మృద్వి, దానికి అంటుకున్న లౌతికళ. మడతల్లోకి దూరి వస్తుంది చూడండి, అది మృద్వి. లౌతికళ మడతల మీదుగా దాటిపోతుంది. మరిగే నీళ్లలో వేస్తే భేజా గట్టిపడటం కూడా ఒక రకంగా ఫిక్సింగే, ప్రోటీన్లు గడ్డకడతాయి.

కోసేటప్పుడు పొడుగు, పలచటి కత్తిని తడిపి ఒక్క ఊపులో లాగండి. రంపంలా ముందుకీ వెనక్కీ ఆడిస్తే అంచు చిరిగి గ్రే, వైట్ హద్దు చెరిగిపోతుంది. ముందు కోయకుండానే చిన్న మెదడుని వేలితో నెమ్మదిగా కిందికి వంచి సందులోకి చూడండి, నాలుగు గుండ్రటి గుట్టలు, వాటి ముందు పీనియల్ కనిపిస్తాయి. తర్వాత నట్టనడిమికి నిలువుగా కోస్తే కార్పస్ కల్లోజం తెల్లటి విల్లులా, చిన్న మెదడులో వైట్ మ్యాటర్ చెట్టు కొమ్మల్లా ఉంటుంది. ఒక సగాన్ని ఆప్టిక్ కయాస్మా దగ్గర అడ్డంగా కోయండి, కాడేట్ (గ్రే), ఇంటర్నల్ క్యాప్సూల్ (వైట్), పుటామెన్ (గ్రే) పక్కపక్కనే వస్తాయి.

మీ మిగిలిన ప్రశ్నకి జవాబు ఆ ముక్కలోనే ఉంది. గ్రే మ్యాటర్ మెదడులో పైనే కాదు, లోపలా ఉంది. పిండంలో న్యూరాన్లు జఠరికల (నడుమ ద్రవం నిండిన ఖాళీల) గోడ దగ్గర పుడతాయి. వెన్నుపాములో చాలా వరకు అక్కడికి దగ్గర్లోనే స్థిరపడ్డాయి. మెదడులో కొన్ని లోపలే ఆగి కాడేట్, థాలమస్ అయ్యాయి, కొన్ని రేడియల్ గ్లియా కణాల్ని పట్టుకుని పైకి పాకి కార్టెక్స్ (మెదడు పై గ్రే పొర) అయ్యాయి.

మేకకీ మనిషికీ తేడాలు కూడా రాసుకోండి, లేకపోతే పరీక్షలో మేక మెదడే వర్ణిస్తారు. మేకకి వాసన గుబ్బలు పెద్దవి. దాని కాండం అడ్డంగా సాగుతుంది, చిన్న మెదడు పెద్ద మెదడు వెనక ఉంటుంది, మనిషిలో కాండం నిలువు, చిన్న మెదడు పెద్ద మెదడు కింద. రెండు థాలమస్‌లని కలిపే అతుకు మేకలో లావు, మనుషుల్లో కొందరికి ఉండనే ఉండదు. మేక మెదడు అడుగున ధమనులు వలలా అల్లుకుంటాయి, మనిషిలో కెరోటిడ్ నేరుగా వస్తుంది.

స్లైడ్‌పెట్టె:

ఒక చేర్పు, ఒక దిద్దుబాటు. లాటరల్ కొమ్ము ఛాతీలోనే అన్నట్టు రాశాను, టి-1 (మొదటి ఛాతీ స్థాయి) నుంచి ఎల్-2 దాకా ఉంటుంది. ఎల్-1 స్లైడ్ ఇస్తే తికమకపడకండి.

ఇంకా, గ్లియా న్యూరాన్లకి పది రెట్లు అని పాత నోట్స్‌లో ఉంటుంది. 2009లో కేంద్రకాల్ని విడదీసి లెక్కపెట్టినప్పుడు న్యూరాన్లు సుమారు 8,600 కోట్లు, మిగతా కణాలన్నీ కలిపినా దాదాపు అంతే అని తేలింది. న్యూరాన్లలో 6,900 కోట్లు చిన్న మెదడులోనే, కార్టెక్స్‌లో 1,600 కోట్లు. చిన్న మెదడు స్లైడ్‌లో ఊదా చుక్కలు కిక్కిరిసిన పొర కనిపిస్తే అవి గ్రాన్యూల్ కణాలు, ఆ 6,900 కోట్లలో దాదాపు అన్నీ అవే. ఆ పొర అంచున ఒకే వరసలో, కూజాల్లా, దూరదూరంగా నిలబడ్డవి పర్కింజీ కణాలు. స్లైడ్ ఇచ్చినప్పుడు ముందు ఆ వరస వెతకండి, అది దొరికితే మిగతా రెండు పొరలూ వాటంతటవే తెలుస్తాయి.